మూగనోటిలో హ్వాంగ్‌ల్యాన్: పసిబిడ్డలకు చైనా మూలికా మందులు ఎంత క్షేమం?

చైనాలో ఒక సామెత ఉంది: మూగవాడు హ్వాంగ్‌ల్యాన్ తిన్నట్టు. లోపల ఎంత చేదు మింగుతున్నా పైకి చెప్పుకోలేని అవస్థకు ఆ మాట వాడతారు. హ్వాంగ్‌ల్యాన్ ఒక దుంపవేరు. విరిచి చూస్తే ముదురు పసుపు రంగు, నాలుక మీద పెడితే కటిక చేదు. అయితే దక్షిణ చైనాలోనూ, అక్కడి నుంచి వలసపోయిన కుటుంబాలు స్థిరపడిన సింగపూర్, మలేసియా, హాంకాంగ్‌లలోనూ ఆ చేదును తరతరాలుగా రుచి చూసినవాళ్ళలో ఇంకా మాటే రానివాళ్ళున్నారు. పుట్టి రెండు మూడు రోజులు కూడా కాని పసికందులు.

తల్లి కడుపులో ఉన్నప్పుడు చేరిన 'పిండ విషం' బిడ్డ ఒంట్లో ఉంటుందని, దాన్ని మొదట్లోనే కడిగేయకపోతే తర్వాత పుండ్లుగా, దద్దుర్లుగా, జ్వరాలుగా పైకి తేలుతుందని చైనా సంప్రదాయ వైద్యంలో ఒక పాత నమ్మకం. అందుకని పుట్టిన బిడ్డ నాలుక మీద ఈ చేదు కషాయం నాలుగు చుక్కలు వేసేవారు. బాలింత గదిలో ఆముదం, సాన మీద అరగదీసిన వస కొమ్ము, కరక్కాయ చూసి పెరిగిన తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. వేరు మారింది, పోసే చెయ్యి మాత్రం అదే అమ్మమ్మది.

1978లో సింగపూర్ ప్రభుత్వం హ్వాంగ్‌ల్యాన్‌ను, అందులో ఉండే బెర్బెరిన్ అనే పసుపు ఆల్కలాయిడ్‌ను నిషేధించింది. జనాభాలో ఎక్కువమంది చైనా మూలాలున్నవాళ్ళే అయిన దేశం, వాళ్ళ ఇంటి వైద్యంలోని ముఖ్యమైన వేరునే దుకాణాల్లోంచి తీయించింది. కారణం పసికామెర్లు. ఈ ఒక్క నిషేధం కథను నిదానంగా చూస్తే పసిపిల్లలకు మూలికా మందుల క్షేమం గురించిన చర్చ మొత్తం ఎక్కడ చిక్కుపడుతుందో తెలుస్తుంది.

పుట్టిన మొదటి వారంలో బిడ్డ కళ్ళు, ఒళ్ళు పచ్చబడటం మామూలు విషయమే. నెలలు నిండి పుట్టినవాళ్ళలో కూడా సగం మందికి పైగా ఇది కనిపిస్తుంది. ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. పెద్దవాళ్ళ కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు నీళ్ళలో కరిగేలా మార్చి పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయంలో ఆ పని చేసే ఎంజైము ఇంకా సరిపడా తయారై ఉండదు. ఆ పని జరిగేదాకా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీను బిలిరుబిన్‌ను పట్టుకుని ఉంచుతుంది. పట్టు జారిన బిలిరుబిన్ మెదడులోకి దిగి, వినికిడిని, కదలికలను నడిపించే భాగాల్లో పేరుకుంటుంది. డాక్టర్లు దీన్ని కెర్నిక్టెరస్ అంటారు. కొందరు పిల్లలు చనిపోతారు. బతికినవాళ్ళలో చాలామంది చెవుడుతోనో, అదుపు లేకుండా మెలికలు తిరిగే కాళ్ళూ చేతులతోనో జీవితమంతా గడపాలి.

దీనికి తోడు ఆ ప్రాంతపు జనంలో వంశపారంపర్యంగా వచ్చే ఒక లోపం ఉంది. జీ6పీడీ అనే ఎంజైము ఎర్రకణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది. అది తక్కువగా ఉన్నవాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కొన్ని రకాల మందులో, బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల వాసనో తగిలితే ఒక్కసారిగా ఎర్రకణాలు పగిలిపోతాయి. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఎక్కువగా బయటపడేది మగపిల్లల్లో. ఒకప్పుడు మలేరియా రాజ్యమేలిన ప్రాంతాలన్నిటిలో ఈ లోపం ఉంది: దక్షిణ చైనా, ఆగ్నేయాసియా, మధ్యధరా తీరం, ఆఫ్రికా, మన దేశం కూడా. సింగపూర్ 1965 నుంచే పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో ఈ లోపాన్ని వెతకడం మొదలుపెట్టింది. లోపం ఉన్న బిడ్డలను ఆసుపత్రిలోనే కొన్నాళ్ళు ఉంచి కనిపెట్టుకునేవారు. అలా కనిపెట్టుకున్నప్పుడే వైద్యుల చూపు బిడ్డ చుట్టూ ఉన్న వస్తువుల మీదికి మళ్ళింది. వాటిలో హ్వాంగ్‌ల్యాన్ ఒకటి.

ఆ వేరు మీద నేరాలు రెండు. ఒకటి, జీ6పీడీ లోపం ఉన్న బిడ్డలో ఎర్రకణాలను పగలగొడుతుందని. రెండోది, బిలిరుబిన్‌ను ఆల్బుమిన్ పట్టు నుంచి తప్పిస్తుందని. రెండోదానికి ప్రయోగశాలలో గట్టి ఆధారమే దొరికింది. బిలిరుబిన్‌ను అలా తోసేసే మందుగా అప్పటికే పేరుపడ్డ ఫినైల్‌బ్యూటజోన్ కంటే బెర్బెరిన్ దాదాపు 10 రెట్లు బలంగా తోసేస్తుందని 1993లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. మొదటి ఆరోపణ మాత్రం అంత తేలిగ్గా రుజువు కాలేదు. అదే ఇంట్లో బిడ్డ బట్టల మధ్య కలరా ఉండలూ ఉండేవి, బిడ్డకు పోసే మందులో ఇంకో పది దినుసులూ ఉండేవి. ఏది ఎర్రకణాన్ని పగలగొట్టిందో విడదీసి చెప్పడం కష్టమైంది. పెద్దవాళ్ళలో ఈ వేరు వాడకం అనుకున్నంత ప్రమాదం కాదని తర్వాతి పరిశీలనలు సూచించాక, 2010ల్లో సింగపూర్ ఆ నిషేధాన్ని దశలవారీగా సడలించింది. పసిపిల్లల విషయంలో, జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త జాగ్రత్తగానే మిగిలింది. అలా మిగలడం సరైన పని. పెద్దవాళ్ళలో నిర్దోషిగా తేలిన మందు నాలుగు రోజుల బిడ్డలోనూ నిర్దోషే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే పెద్దవాళ్ళ మెదడుకు మామూలుగా బిలిరుబిన్ గండం ఉండదు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. వందల ఏళ్ళుగా వాడుతున్నారు కదా, ప్రమాదమైతే ఈపాటికి జనానికి తెలిసేది కాదా? ఇంటి పెద్దలు అడిగే ఈ ప్రశ్నలో న్యాయముంది. అనుభవం నిజంగానే ఎన్నో విషాలను పట్టుకుంది. తిన్న గంటలో వాంతయ్యే కాయ ఏదో, తాకితే దురదపెట్టే ఆకు ఏదో ఏ ప్రయోగశాలా లేకుండానే పల్లెలన్నిటికీ తెలుసు. అయితే అనుభవానికి పట్టుబడాలంటే హాని మూడు రకాలుగా కనపడాలి: వెంటనే రావాలి, తరచుగా రావాలి, మరో కారణం మీద నెట్టేయడానికి వీల్లేకుండా రావాలి. పసికామెర్లలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మందు పోసినా పోయకపోయినా సగం మంది పిల్లలు పచ్చబడతారు, దాదాపు అందరూ రెండు వారాల్లో మామూలైపోతారు. పదిమంది మనవలను ఎత్తుకున్న అమ్మమ్మకు మందు పోశాక తేరుకున్న బిడ్డలే కనిపిస్తారు. ఏ వీధిలోనో ఒక బిడ్డ మెడ వెనక్కి విరుచుకుని, పాలు మానేసి, కన్నుమూస్తే దాన్ని దిష్టి అన్నారు, రాత అన్నారు, గాలి సోకిందన్నారు. పిల్లలు ఎక్కువగా పోయే కాలంలో ఒక చావుకు కారణం వెతికే తీరిక ఎవరికీ లేదు. కాబట్టి తరతరాల వాడకం ఆ మందు క్షేమమని చెప్పదు. ఆ మందు చేసే హాని కంటికి కనపడే రకం కాదని మాత్రమే చెబుతుంది. ఈ తేడా పట్టుకోకుండా చైనా మందుల గురించైనా, మన ఇంటి మందుల గురించైనా మాట్లాడి లాభం లేదు.

పనిచేసే మూలిక కూడా

కామెర్లు తెప్పిస్తుందన్న అనుమానం ఒక వేరు మీద ఉంటే, కామెర్లు తగ్గిస్తుందన్న పేరు మరో మొక్కకు ఉంది. యిన్‌చెన్ అనే దవనం జాతి మొక్కను చైనాలో కామెర్లకు చాలా కాలంగా వాడుతున్నారు. మన దగ్గర కామెర్లకు నేలఉసిరి పసరు పోసినట్టే. ఈ యిన్‌చెన్‌తో తయారయ్యే యిన్‌జిహ్వాంగ్ అనే మందు మీద అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల్లో చేసిన పరిశోధన 2004లో వెలువడింది. ఆ కషాయం కాలేయంలో ఒక గ్రాహకాన్ని, అంటే కణంలో సంకేతాలను అందుకునే ప్రొటీనును, మేల్కొల్పి, బిలిరుబిన్‌ను బయటికి పంపే పనిని వేగవంతం చేస్తుందని, అలా చేసేది అందులోని స్కోపరోన్ అనే పదార్థమని తేలింది. సంప్రదాయం చెప్పిన మాట నిజమేనని సైన్సు ఒప్పుకున్న సందర్భం ఇది. దాన్ని దాచాల్సిన పనిలేదు, గౌరవించాల్సిందే.

ఆ తర్వాతి కథ మరో దారి పట్టింది. చైనాలో ఇదే మందును ఇంజెక్షన్‌గా కూడా తయారుచేసి పసికామెర్లకు ఎక్కించేవారు. నోటితో తాగిన కషాయాన్ని పేగు, కాలేయం జల్లెడపడతాయి. నరంలోకి ఎక్కించిన మొక్కల సారానికి ఆ జల్లెడ లేదు. పదుల కొద్దీ పదార్థాలు నేరుగా రక్తంలో కలుస్తాయి. తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యల నివేదికలు పోగుపడ్డాక 2016లో చైనా ఔషధ నియంత్రణ సంస్థే ఆ ఇంజెక్షన్ కరపత్రాన్ని మార్పించి, అప్పుడే పుట్టినవాళ్ళకూ పసిపిల్లలకూ వాడకూడదని రాయించింది. 2018లో జలుబు, దగ్గు, జ్వరాలకు వాడే ష్వాంగ్‌హ్వాంగ్‌ల్యాన్ ఇంజెక్షన్‌కు కూడా నాలుగేళ్ళలోపు పిల్లలకు నిషేధం వచ్చింది. ఈ నిర్ణయాలు తీసుకున్నది పాశ్చాత్య దేశాలు కావు, తమ వైద్యాన్ని ప్రపంచమంతటా చాటాలని కోరుకునే చైనా ప్రభుత్వం. "ప్రతి మందులోనూ మూడు పాళ్ళు విషమే" అని చైనా జనం అనుకునే మాటను వాళ్ళ నియంత్రణ సంస్థ నిజం చేసి చూపించింది.

ఇంగిలీకం, మణిశిల

మూలికా మందు అనగానే ఆకులూ వేర్లూ గుర్తుకొస్తాయి. చైనా పసిపిల్లల మందుల్లో చాలా పేరున్న కొన్నిటిలో అసలు భయం ఆకుల వల్ల కాదు, రాళ్ళ వల్ల. బిడ్డ ఉలిక్కిపడుతుంటే, రాత్రంతా ఏడుస్తుంటే, జ్వరంలో మూర్ఛ వస్తుందేమోనని భయపడితే ఇచ్చే పొడుల్లో పాతకాలం నుంచీ రెండు ఖనిజాలు కలిపేవారు. ఒకటి జూషా, తెలుగులో ఇంగిలీకం, అంటే పాదరసం గంధకంతో కలిసిన ఎర్రరాయి. రెండోది షియొంగ్‌హ్వాంగ్, మన మణిశిల, ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. రెండూ మన రసవైద్యంలోనూ ఉన్నవే కాబట్టి ఈ పేర్లు తెలుగు వైద్య గ్రంథాలకు కొత్త కాదు.

ఇంగిలీకాన్ని సమర్థించేవాళ్ళు ఒక నిజమైన మాట చెబుతారు. అది నీళ్ళలో దాదాపు కరగదు, పేగు దాన్ని చాలా తక్కువగా పీల్చుకుంటుంది, చేపల్లో చేరే మిథైల్ పాదరసం అంత ప్రమాదకారి కాదు. నిజమే. కానీ ఆ మాటలో రెండు షరతులు దాగున్నాయి: వేడి తగలకూడదు, కల్తీ ఉండకూడదు. వేడి చేస్తే దాన్నుంచి పాదరసం ఆవిరై వెలువడుతుంది. కల్తీ సంగతి 2020లో తైవాన్‌లోని తైచుంగ్ నగరంలో బయటపడింది. ఒక వైద్యుడి దగ్గర మందు తీసుకున్న రోగులు వరసగా సీసం విషానికి గురయ్యారు. తైవాన్ అప్పటికి చాలా ఏళ్ళ కిందటే, 2005లోనే, మందుల్లో ఇంగిలీకాన్ని నిషేధించింది. నిషేధాన్ని తప్పించుకుని చాటుగా అమ్మిన ఆ ఎర్రపొడిలో సీసపు సిందూరం దొరికింది. ఎరుపు ఎరుపులో కలిసిపోయింది, ఎవరి కంటికీ తేడా తెలియలేదు.

సీసం పెద్దవాళ్ళకూ చెడ్డదే, పసివాళ్ళకు పగవాడు. పెద్దవాళ్ళ పేగు తిన్న సీసంలో సుమారు పదో వంతు పీల్చుకుంటే, పసిపిల్లల పేగు దాదాపు సగం పీల్చుకుంటుంది. ఎదిగే ఎముక క్యాల్షియం కోసం ఆబగా ఉంటుంది, సీసం క్యాల్షియం వేషంలో లోపలికి చేరుతుంది. మెదడు నరాల మధ్య బంధాలు అల్లుకునే వయసులో అది అడ్డం పడుతుంది. ఈ హాని బయటికి కనిపించే తీరు చూడండి: కాస్త ఆలస్యంగా మాటలు, బళ్ళో కాస్త వెనకబాటు, కాస్త చిరాకు. ఏ తల్లి అయినా దాన్ని ఐదేళ్ళ కిందట తొమ్మిదో నెలలో పెట్టిన పొడితో ముడిపెట్టగలదా? సీసానికి క్షేమమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

హాంకాంగ్ నుంచి వచ్చే బావ్ యింగ్ డాన్, కాంటనీస్ ఉచ్చారణలో బో యింగ్, పసిపిల్లల జలుబు, జ్వరం, తుమ్ములకు అమ్మే పొడి. పేరుకు అర్థమే 'శిశువును కాపాడే మందు'. న్యూయార్క్‌లో పరీక్షించినప్పుడు ఈ పొడిలో ఎక్కువ మోతాదులో సీసం తేలడంతో 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని పిల్లలకు ఇవ్వొద్దని హెచ్చరిక జారీ చేసింది. ఆ పొడి తిన్న 18 నెలల బిడ్డ ఒకరికి సీసం విషం సోకిన సంగతి ఆ సంస్థ దృష్టికి వచ్చింది. ఆ పొడి దొంగచాటు సరుకు కాదు. దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మిన సరుకే. ఆ బిడ్డ తల్లిదండ్రులు చేసిన తప్పేదీ లేదు, పేరున్న మందు కొని పెట్టడం తప్ప.

పేరొకటి, మొక్క ఒకటి

బిర్యానీలో వేసే అనాస పువ్వు చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతపు పంట. అది పువ్వు కాదు, ఎండిన కాయ. దాన్ని మరిగించిన నీళ్ళు పసిపిల్లల కడుపునొప్పికి, గాలికి పట్టడం లాటిన్ అమెరికా కుటుంబాల్లోకీ స్పెయిన్‌లోకీ కూడా పాకిన అలవాటు. దీనికి జపాన్‌లో ఒక కవల ఉంది. అచ్చం అదే నక్షత్రం, అదే గోధుమ రంగు. ఎండాక రెండిటినీ కంటితో వేరుచేయడం దాదాపు అసాధ్యం. జపాన్ రకంలో మాత్రం అనిసాటిన్ అనే విషం ఉంటుంది. మెదడును నెమ్మదింపజేసే సంకేతాలను అది అడ్డుకుంటుంది, ఫలితం ఫిట్స్.

2001లో నెదర్లాండ్స్‌లో అనాస పువ్వు టీ తాగిన 63 మంది జబ్బుపడ్డారు, 16 మందికి ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్ వచ్చాయి. వాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి ఏం తాగారో చెప్పగలిగారు. 2003 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఈ టీ మీద దేశమంతటికీ హెచ్చరిక జారీ చేసేనాటికి సుమారు 40 మంది బాధితుల సమాచారం అందింది, వాళ్ళలో దాదాపు 15 మంది పసివాళ్ళు. మయామీ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఇలా వచ్చిన ఏడుగురు శిశువుల వివరాలను 2004లో ప్రచురించారు. వణుకు, చికాకు, వాంతులు, కళ్ళు అటూ ఇటూ గబగబా కొట్టుకోవడం, ఫిట్స్. బిడ్డకు ఫిట్స్ వస్తే వైద్యులు మొదట అనుమానించేది మెదడువాపును. ఇంట్లో టీ పట్టారా అని ఎవరైనా అడిగేదాకా, తల్లిదండ్రులు సిగ్గుపడకుండా చెప్పేదాకా, ఆ పసివాడికి వెన్నులోంచి నీరు తీయడం, స్కానింగ్‌లు, యాంటీబయాటిక్స్ తప్పవు.

ఈ తారుమారు ప్రమాదవశాత్తూ జరిగేది మాత్రమే కాదు, శతాబ్దాల పొడుగునా మెల్లగా కూడా జరుగుతుంది. 11వ శతాబ్దికి చెందిన చ్యన్ యీ చైనా పిల్లల వైద్యానికి ఆద్యుల్లో ఒకరు. పిల్లల ఒంటి తీరు పెద్దవాళ్ళది కాదని, వాళ్ళ అవయవాలు లేత చిగుళ్ళని, మందు తేలిగ్గా ఉండాలని పట్టుబట్టిన వైద్యుడు. పిల్లలు చిరాకుపడుతూ, ఎర్రగా కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంటే ఇవ్వడానికి ఆయన కూర్చిన నాలుగు దినుసుల పొడిలో మూతొంగ్ అనే తీగ ఒకటి. ఆయన నాటి మూతొంగ్ అకీబియా అనే మొక్కదని పరిశోధకుల అభిప్రాయం. 20వ శతాబ్దం వచ్చేసరికి ఈశాన్య చైనాలో దొరికే మరో తీగ, గ్వాన్ మూతొంగ్, అదే పేరుతో మార్కెట్టును నింపేసింది. అది అరిస్టలోకియా జాతి, మన ఈశ్వరి, గాడిదగడపాకు మొక్కలకు చుట్టం. ఆ జాతిలోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను ఎండగొడుతుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు తీసుకున్న వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ఇది ప్రపంచానికి తెలిసింది. అక్కడ కూడా జరిగింది ఇదే: ఒక వేరు బదులు దాదాపు అదే పేరున్న మరో వేరు. 2003లో చైనా గ్వాన్ మూతొంగ్‌ను మందుల జాబితా నుంచి తీసేసింది. చ్యన్ యీ సూత్రాన్ని ఎవరూ తప్పుబట్టలేరు. ఆయన పేరు మీద అమ్ముడైన పొట్లంలో ఆయన మొక్కే లేదు.

మూలిక పేరుతో స్టెరాయిడ్

1992లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఎగ్జిమా అనే చర్మవ్యాధితో బాధపడుతున్న 47 మంది పిల్లల మీద చైనా కషాయాన్ని పద్ధతిగా పరీక్షించి, ఫలితం ఉందని ప్రకటించారు. దినుసులు తెలుసు, మోతాదు తెలుసు, రక్తపరీక్షలతో కాలేయాన్ని కనిపెట్టి చూశారు. చైనా మందును పిల్లలకు ఇవ్వాలనుకుంటే ఇవ్వాల్సిన తీరు అది.

బజారులో పరిస్థితి వేరు. 1999లో లండన్ వైద్యులు చర్మానికి రాసే 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. 2003లో బర్మింగ్‌హామ్‌లో పిల్లల ఎగ్జిమాకు వాడుతున్న 24 మూలికా క్రీముల్లో 20 క్రీముల్లో ఘాటైన స్టెరాయిడ్లు తేలాయి. స్టెరాయిడ్ అంటే భయపడి డాక్టరు రాసిన చీటీని పక్కనపెట్టి, మూలిక కదా అని నమ్మి కొన్న తల్లులే వాళ్ళలో ఎక్కువమంది అనుకోవడంలో తప్పులేదు. 2021 జనవరిలో చైనాలోని ఫూజ్యన్ రాష్ట్రంలో ఇదే జరిగింది. శిశువులకు అమ్మిన ఒక క్రీములో క్లోబెటసోల్ అనే అత్యంత ఘాటైన స్టెరాయిడ్ ఉంది. దాన్ని వాడిన ఐదు నెలల బిడ్డ ముఖం ఉబ్బిపోయింది, ఎదుగుదల ఆగింది, ఒంటి నిండా వెంట్రుకలు మొలిచాయి. ఆ క్రీము మందుగా నమోదైంది కాదు, క్రిమిసంహారక సరుకుగా నమోదైంది. ఆ తరగతికి మందులకు చేసే పరీక్షలు అక్కర్లేదు.

మరి అన్నీ ఇలాంటివేనా? కాదు. హాంకాంగ్ ఇళ్ళలో పిల్లలకు పట్టే 'ఏడు నక్షత్రాల టీ' తీసుకుంటే, అందులో ఎక్కువ భాగం మొలకెత్తిన వరిగింజలు, గోధుమపూసల లాంటి జాబ్ గింజలు, హాథార్న్ కాయ, వెదురాకు లాంటి గడ్డి, అతిమధురం. ఏడాది దాటిన పిల్లవాడు అరుదుగా నాలుగు చెంచాలు తాగితే పెద్ద ప్రమాదం ఊహించలేం. ఆరు నెలలలోపు బిడ్డ సంగతి వేరు. ఆ పిడికెడంత పొట్టలో టీ చేరితే ఆ మేరకు పాలు తగ్గుతాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇక్కడ మూలికల మంచిచెడులతో సంబంధం లేకుండానే వర్తిస్తుంది. ఇంకొకటి, చైనా మాత్రల్లో చాలావాటిని తేనెతో ఉండకడతారు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఇస్తే దానిలో ఉండే బీజాలు పేగులో మొలకెత్తి బోటులిజం అనే పక్షవాతం తెప్పించగలవు. తేనెలో రంగరించి మందు నాకించే తెలుగిళ్ళకూ ఈ మాట సరిగ్గా అంతే వర్తిస్తుంది.

వస కొమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం మనకు ముద్దు. బిడ్డకు మాటలు బాగా వస్తాయని నాలుక మీద రాసే ఆ కొమ్ముకు దగ్గరి చుట్టాన్ని చైనా వైద్యులు షిచాంగ్‌పూ పేరుతో వాడతారు, వాళ్ళ నమ్మకం కూడా అది మనసు ద్వారాలు తెరుస్తుందనే. రెండిటిలోనూ బీటా అసరోన్ ఉంటుంది. ఎలుకల్లో అది క్యాన్సర్ గడ్డలు పుట్టించిందని 1968లో అమెరికా వసను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. చైనా అమ్మమ్మ చేతిలోని హ్వాంగ్‌ల్యాన్‌ను చూసి నొసలు ముడిచే తెలుగు పాఠకులు మన సాన మీది కొమ్మును కూడా అదే తక్కెడలో తూచాలి. మన దారుహరిద్ర, మ్రానుపసుపుల్లో ఉన్న పసుపు కూడా ఆ బెర్బెరినే.

సింగపూర్, మలేసియాలలో ఉద్యోగాలు చేసుకుంటూ పురుళ్ళు అక్కడే పోసుకునే తెలుగు కుటుంబాలకు ఈ మందులు ఇరుగుపొరుగు ప్రేమగా తెచ్చి ఇచ్చేవి. కాదనడం కష్టమైనప్పుడు పొట్లం తీసుకుని పక్కన పెట్టుకోవచ్చు. జీ6పీడీ పరీక్ష చేసిందీ లేనిదీ ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకోవాలి. సింగపూర్‌లో అది మామూలుగా జరిగే పనే కానీ, మన దేశంలో అన్ని ఆసుపత్రుల్లోనూ చేయరు. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ పచ్చబడినా, పసుపు అరికాళ్ళదాకా దిగినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, కీచుగా ఏడుస్తూ మెడ వెనక్కి విరుస్తున్నా తెల్లారేదాకా ఆగకూడదు. అప్పటికే ఏదైనా మందు పోసి ఉంటే పొట్లాన్ని, సీసాను, చైనా అక్షరాలున్న కాగితాన్ని చింపేయకుండా వెంట తీసుకెళ్ళాలి. ఎంత పోశారో, ఎన్నిసార్లు పోశారో, తల్లి కూడా ఏవైనా కషాయాలు తాగుతోందో అన్నీ చెప్పాలి. ఎవరు పోశారన్నది డాక్టరుకు అవసరం లేదు.